రోజంతా ఇంటిపనే, పూజలో మనసు నిలవదు, నవ్వి నెలలైంది. ఏం చేయాలి?

నీ ప్రశ్న రెండుసార్లు చదివానమ్మా. ఒంగోలులో పుట్టి, హైదరాబాదులో నాలుగేళ్లు ఉద్యోగం చేసి, పెళ్లయ్యాక నెల్లూరు వచ్చావు. పాపకు 14 నెలలు. పొద్దున అయిదున్నరకు లేస్తే రాత్రి పదిన్నర దాకా పని తెగదు. రోజూ దీపం పెడుతున్నావు గానీ మనసు పొయ్యి మీది పాల దగ్గరే ఉంటోంది. ఇంట్లో కడుపారా నవ్వి ఎన్నాళ్లయిందో గుర్తు లేదన్నావు. "చిన్న చిన్న ఆనందాలు వెతుక్కోమని అందరూ చెప్తారు, ఏ అల్మరాలో ఉంటాయో ఒక్కరూ చెప్పరు" అని రాశావు చూడు, అక్కడ నేను గట్టిగానే నవ్వాను. ఒకరిని నవ్వించే చమత్కారం నీ దగ్గర ఇంకా మిగిలే ఉంది.

నా కూతురి వయసుదానివి, అందుకని నువ్వు అనే రాస్తాను. నేను నెల్లూరులో 29 ఏళ్లు అంగన్‌వాడీ టీచరుగా చేసి రిటైరయ్యాను. గర్భిణులు, బాలింతలు ఉన్న ఇళ్లకు తిరగడం నా ఉద్యోగంలో సగం. గుమ్మంలో నిలబడితే చాలు, ఆ ఇంట్లో నవ్వు ఉందో లేదో తెలిసిపోయేది. ఇక ఇంటికొస్తే అత్తగారు, మామగారు, మరిది, ఇద్దరు పిల్లలు, బియ్యం మిల్లులో గుమాస్తాగా చేసే మా ఆయన. కాబట్టి నువ్వు చెప్పేదాన్ని బయటినుంచీ చూశాను, లోపలినుంచీ పడ్డాను.

సూటిగా జవాబు ఇది. వెతకొద్దు. రోజులోకి కొత్తగా ఏదీ చేర్చొద్దు. ముందు ఒక పని నీ నెత్తి మీదనుంచి దించు. తర్వాత మిగిలినవాటిలో ఒకే ఒక్క పని పట్టుకుని దాన్ని తొందర లేకుండా చెయ్యి. భక్తి, నవ్వు, తిండి రుచి ఇవన్నీ వేరువేరు పనులుగా పెట్టుకుంటే మూడు కొత్త డ్యూటీలు అవుతాయి. నా అనుభవంలో అవి మూడూ ఒకే పనిలో కలిసి వచ్చేవి, అదీ మనం పిలవనప్పుడే.

ఇది నేను తెలివితో తెలుసుకోలేదు, తప్పు చేసి తెలుసుకున్నాను. మా పెద్దదానికి రెండేళ్లప్పుడు నాకూ నీలాగే అనిపించి ఒక లిస్టు రాసుకున్నాను. తెల్లారుజామున నాలుగున్నరకు లేవాలి, విష్ణు సహస్రనామం చదవాలి, మధ్యాహ్నం అరగంట పుస్తకం, సాయంత్రం గుడి. పదకొండు రోజులు నడిచింది. పన్నెండో రోజు పిల్ల పరిగెత్తుకుంటూ వచ్చి కుంకుమ భరిణె బోర్లా వేసింది. నేను దాని మీద అరిచిన అరుపుకు వీధిలో కుక్క మొరిగింది. మా అత్తమ్మ వంటింట్లోంచి తొంగి చూసి, "ఎందుకు మే అట్టా అరుస్తావు? ఆయన పడుకోనుండాడు గదా" అనింది.

ఆయన అంటే రంగనాథస్వామి. నెల్లూరు వచ్చావు కాబట్టి పెన్న ఒడ్డున తల్పగిరి రంగనాథుడి గుడికి వెళ్లే ఉంటావు. అక్కడ స్వామి శయనించి ఉంటాడు. మా అత్తమ్మకు ఆయనతో పెద్ద గొడవ అదే. శనివారం గుళ్లో నిలబడి, అందరూ వింటుండగా, "ఏందయ్యా సామీ, ఇంకా లేవలా? యుగాలుగా పడుకోనే ఉండావు, మా ఇంటికొచ్చి రెండు బిందెలు నీళ్లన్నా మోయకూడదా" అనేది. కొత్తలో నాకు సిగ్గుతో తల తిరిగిపోయేది. అయ్యవారు మాత్రం నవ్వుతూ తీర్థం ఇచ్చేవారు. నిందాస్తుతి మన భాషలో పాత ఆచారమేనని, దేవుడిని తిట్టే చనువు దేవుడి మీద నమ్మకం ఉన్నవాళ్లకే వస్తుందని నాకు చాలా ఏళ్లకు తెలిసింది. అత్తమ్మ రోజువారీ పూజ ఎంతసేపో తెలుసా? దీపం వెలిగించడానికి ఒక నిమిషం, ఆయన్ని ఎత్తిపొడవడానికి రెండు నిమిషాలు. అంతే. ఆ మూడు నిమిషాలూ ఆమె మనసు పాల మీదకు పోగా నేను చూడలేదు.

నీ పూజలో మనసు నిలవకపోవడానికి కారణం భక్తి లేకపోవడం కాకపోవచ్చు. పూజ కూడా పనుల లిస్టులో పడిపోయి ఉంటుంది. గిన్నెలు, బట్టలు, దీపం, పాపకు ఉగ్గు. అట్టా అయితే ఒక వారం పెద్ద పూజ మానెయ్. దీపం మాత్రం పెట్టి ఆయనతోనో అమ్మవారితోనో నీకేం విసుగు ఉందో అది చెప్పు. మీ అత్తగారింట్లో ఆచారం వేరు, పుట్టింట్లో వేరు, ఏది పట్టుకోవాలో తెలియడం లేదని కూడా రాశావు. ఆ గొడవ మన ఊళ్లో పాతదే. నెల్లూరులో ఉండి భారతం రాసిన తిక్కనగారు 13వ శతాబ్దంలోనే దాన్ని హరిహరనాథుడికి అంకితమిచ్చి శివుడినీ విష్ణువునీ ఒకే పీట మీద కూర్చోబెట్టేశారు. నువ్వూ నేనూ మళ్లీ పంచాయితీ పెట్టక్కర్లేదు.

ఇక్కడ ఒక విషయం ఆపి చెప్పాలి, ఎందుకంటే నా ఉద్యోగంలో దీనివల్ల ఒకసారి మోసపోయాను. ఒకమ్మాయి, పాపకు సంవత్సరం నిండింది, నీలాగే "ఏ పని మీదా మనసు లేదక్కా, దేవుడి మీద కూడా భక్తి పోయింది" అని ఏడ్చింది. నేను గంటసేపు ధైర్యం చెప్పి వచ్చాను. తర్వాతి వారం మా ఏఎన్ఎం ఆ పిల్ల కళ్ల కింద రెప్ప లాగి చూసి రక్తపరీక్ష చేయించింది. హిమోగ్లోబిన్ 7.8. "పోయింది భక్తి కాదు టీచరమ్మా, రక్తం" అనింది. మూడు నెలలు డాక్టరు చెప్పిన ఐరన్ మాత్రలు వేసుకున్నాక ఆ పిల్లే నాకు ఎదురొచ్చి కబుర్లు చెప్పడం మొదలుపెట్టింది. గర్భిణి కాని ఆడవాళ్లకు 12 గ్రాముల కన్నా తగ్గితే రక్తహీనత కిందే లెక్క. కాన్పు తర్వాత కొందరికి థైరాయిడ్ తేడా వస్తుంది, అదీ ఇట్టాగే నీరసం, విసుగు తెస్తుంది. ముందు ఈ రెండు పరీక్షలు చేయించుకో. ఇంకొకటి: రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోవడం, ఏడుపు ఆగకపోవడం, దేని మీదా ఇష్టం లేకపోవడం ఉన్నా, నిన్ను గానీ పాపను గానీ ఏమన్నా చేసుకోవాలనే ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఈ జవాబులు చదువుతూ కూర్చోవద్దు, డాక్టరు దగ్గరికి వెళ్లు. 14416 అనే టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయం) నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. వంటలతో, జోకులతో తగ్గే జబ్బు కాదు అది.

సరే, పరీక్షలన్నీ బాగున్నాయనుకుందాం. అప్పుడు నెత్తి మీద బరువు సంగతి.

పని దించుకోవడంలో అందరూ చేసే పొరపాటు సాయం అడగడం. "కాస్త సాయం చేయండి" అంటే మొగవాళ్లు కూరగాయల సంచి పట్టుకుని రెండు నిమిషాలు నిలబడి, చేశాం అనుకుంటారు. సాయం వద్దు, ఒక పని మొత్తంగా రాసిచ్చెయ్. మొదలునుంచి చివరిదాకా అది వాళ్లదే, నువ్వు అటు చూడకూడదు. నేను మా ఆయనకు పొద్దుటి కాఫీ రాసిచ్చాను. పాలు తేవడం, కాచడం, డికాక్షన్, గ్లాసులు కడగడం అన్నీ. మొదటి రెండు నెలలు అది కాఫీ కాదు, కషాయం. మా మామగారు ఒక గుక్క తాగి, "ఏమబ్బాయా, నాకు జ్వరమని ఎవరు చెప్పారు నీకు?" అన్నారు. అయినా నేను వంటింట్లోకి పోలేదు. పోయుంటే కథ అక్కడే అయిపోయేది. మూడో నెలకు ఆయన చెయ్యి తిరిగింది. ఈ ముప్పై ఏళ్లలో నాకు దొరికిన అన్నిటికన్నా పెద్ద సుఖం ఏమిటని అడిగితే బంగారం పేరు చెప్పను. పొద్దున్నే కాఫీ వేడిగా ఉండగా, కూర్చుని తాగడం. నువ్వు ఆఖరుసారి వేడి కాఫీ ఎప్పుడు తాగావో గుర్తు చేసుకో.

మీ ఇంట్లో ఎవరూ ఏ పనీ తీసుకోం అంటే మాత్రం ఇది ఆనందం సమస్య కాదు. అది వేరే ప్రశ్న, దానికి వేరే జవాబు రాయాలి. ఓర్చుకోమని మాత్రం నేను చెప్పను.

నిద్ర గురించి కూడా ఒకటి చెప్తాను, నవ్వకు. మా రెండోవాడు పుట్టాక ఒక మొక్కు కోసం జొన్నవాడలో నిద్ర చేయడానికి వెళ్లాం. కామాక్షమ్మ గుడి, పెన్న ఒడ్డునే, ఊరికి దగ్గరే. మొక్కుకున్నవాళ్లు ఆ రాత్రి గుళ్లో పడుకుంటారు. పిల్లలను అత్తమ్మ పక్కలో వేసుకుంది. రాతి నేల, దోమలు, పక్కన ఎవరో గురక. నేను పడుకున్నదాన్ని పడుకున్నట్టే తెల్లారి అందరూ లేచినా లేవలేదు. పెళ్లయిన ఆరేళ్లలో నన్ను ఎవరూ లేపని రాత్రి అదొక్కటే. ఇంటికొచ్చాక పక్కింటామె "అమ్మవారు కల్లోకి వచ్చిందా?" అని అడిగింది. "వచ్చుంటుంది, నన్ను చూసి పాపం లేపబుద్ధి కాక వెళ్లిపోయుంటుంది" అన్నాను. అత్తమ్మ అది విని, పిల్లలకు పాలు మాన్పించేదాకా వారానికి ఒక రాత్రి వాళ్లను తన గదిలో పడుకోబెట్టుకుంది. మొక్కు ఎట్టా తీరిందంటే అట్టా తీరింది. మీ అత్తగారిని అడిగి చూడు, పెద్దవాళ్లు చాలామంది అడిగితే కాదనరు. వాళ్లకు అడిగేవాళ్లే ఉండరు.

ఇప్పుడు ఆ ఒక్క పని. ఏది పట్టుకోవాలి? గిన్నెలు, బట్టలు వద్దు, వాటికి అంతు ఉండదు. పావుగంటలో అయిపోయేది, చేతులతో చేసేది, ఇంకొకరు చూసేదో తినేదో అయితే మంచిది. నా విషయంలో అది కొన్నాళ్లు ముగ్గు. ఏడు చుక్కలు, నాలుగు వచ్చేదాకా సందుచుక్క, రోజూ అదే, పండగకు కూడా అదే. ఎదురింటామె "నీకు ఇంకో ముగ్గు రాదా?" అని అడిగేది. రాదు. నా చెయ్యి ఆ చుక్కల మీద నడుస్తుంటే తలలో లెక్కలు ఆగిపోయేవి, అదే కావాలి నాకు. కోటమిట్టలో నేను వెళ్లే ఒక ఇంట్లో ఒకమ్మ తెల్లవారి నమాజు అయ్యాక పావురాలకు జొన్నలు చల్లేది, ఒక్కో గుప్పెడు లెక్కపెట్టి. ఇంకో ఇంట్లో ఒకామె ఉల్లిపాయలు తరుగుతూ చర్చి పాటలు పాడేది, కళ్లవెంట నీళ్లు ఉల్లిపాయలవో పాటవో మనకు తెలిసేది కాదు.

తర్వాత్తర్వాత నాది పులిబొంగరాలైంది. మీ ఒంగోలులో వీటిని గుంటపొంగణాలు అంటారేమో. దోశపిండి మూడో రోజుకు పులుస్తుంది. దోశకు బాగుండదు, పారేయడానికి మనసొప్పదు. ఉల్లిపాయ, పచ్చిమిరప, కరివేపాకు సన్నగా తరిగి, కాస్త జీలకర్ర వేసి కలుపుతాను. గుంటల పెనం కాలాక గుంటకు అర చెంచా నూనె, పిండి ముప్పావు గుంట దాకానే. మూత పెట్టి పక్కకు పోకూడదు. నడిమి గుంటలోది అన్నిటికన్నా ముందు ఎర్రబడుతుంది, మంట సరిగ్గా దాని కిందే కాబట్టి. అంచు పెనాన్ని వదిలి కొంచెం గిర్రున తిరగడం మొదలెట్టాక పుల్లతో తిప్పాలి. ఆ నడిమిది నాది. వండినమ్మ ఆఖరున తినాలని ఎవరు పెట్టారో గానీ ఆ రూలు నేను ఒప్పుకోను. ఎర్రకారం అద్దుకుని, నిలబడే, నోరు కాలుతుండగా తినేదాన్ని. ముందుగదిలోంచి అత్తమ్మ గొంతు వచ్చేది.

"ఉప్పు చూశావా మే?"

"చూశానత్తమ్మా."

"ఎన్ని చూశావు?"

"మూడు."

అందరూ చేపల పులుసు గురించే చెప్తారు, నెల్లూరు అనగానే. నిజమే, రాత్రి కాచిన పులుసు పొద్దున చద్దన్నంలో వేసుకుంటే ఆ రోజు ఎవరితోనూ పోట్లాట రాదు. కానీ చేపలకు బజారుకు పోవాలి, డబ్బు కావాలి. పులిసిన పిండి అందరింట్లో ఉంటుంది.

నవ్వు గురించి. మా ఇంట్లో వస్తువులకు పేర్లుండేవి. మిక్సీ పేరు పెద్దాడపడుచు. మొదలుపెడితే ఆగదు, పక్కవాళ్ల మాట వినపడనివ్వదు. ఒక సంక్రాంతికి ఆమె వచ్చి ఉండగా మా చిన్నాడు, "అమ్మా, పెద్దాడపడుచు పొగ వస్తోంది" అని కేకేశాడు. ఇల్లంతా నిశ్శబ్దం. ఆమె నెమ్మదిగా, "మరి ఫ్రిజ్ పేరేంది?" అనింది. ఇక దాచేదేముంది? "మీ తమ్ముడు. ఎప్పుడు తెరిచినా చల్లగా ఉంటాడు, లోపల మాత్రం ఏమీ ఉండదు" అన్నాను. మా ఆయన పేపరు వెనకనుంచి, "లైటన్నా వెలుగుతుంది గదా" అన్నారు. ఆ వదిన ఇప్పటికీ ఫోన్ చేస్తే "మిక్సీని మాట్లాడుతున్నా" అంటుంది.

అయితే ఒక జాగ్రత్త. ఆ మనిషి ఎదురుగా చెప్పలేని జోకు ఇంట్లో వేయకూడదు, ఆ మనిషి నవ్వని జోకు రెండోసారి వేయకూడదు. నేను వెళ్లే ఒక ఇంట్లో కోడలి వంట మీద రోజూ జోకులే. ఆ పిల్లా నవ్వేది. ఒకరోజు సాంబారు గిన్నె కింద పెట్టి పెరట్లోకి పోయి, నల్లా తిప్పి, ఆ నీళ్ల చప్పుడులో ఏడ్చింది. లోపల ఇంకా నవ్వుతూనే ఉన్నారు. మీ ఇంట్లో నవ్వు ఆగిపోవడానికి కారణం అట్టాంటిదేదైనా ఉందేమో చూసుకో. నువ్వు రాయలేదు గానీ, వరసల మధ్యలో నాకు అట్టా అనిపించింది. తప్పయితే వదిలెయ్.

రొట్టెల పండగ సంగతి చెప్పకుండా ఆపలేను. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో జరుగుతుంది. ఏ మతమని లేదు, అందరూ వస్తారు. కోరిక తీరినవాళ్లు నీళ్లలో నిలబడి రొట్టె ఇస్తారు, అదే కోరిక ఉన్నవాళ్లు తీసుకుని తింటారు. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, ఇల్లు రొట్టె, ఉద్యోగం రొట్టె అని కేకలు. మా మరిదికి ఉద్యోగం లేక మూడేళ్లయింది. మా ఆయన్ని ఉద్యోగం రొట్టె తెమ్మని చెరువులోకి పంపాం. మోకాళ్లదాకా తడిసి తెచ్చారు. మరిదికి పెట్టాం, పూర్తిగా తినేశాడు. అప్పుడు ఈయన తల గోక్కుంటూ, "ఆమె సంతానం రొట్టె అనిందేమో, ఆ రొదలో సరిగా వినపడలా" అన్నారు. మరిదికి అప్పటికి పెళ్లే కాలేదు. అత్తమ్మ గట్టు మీద కూలబడి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. "వాడికి ముందు పెళ్లి రొట్టె తెచ్చి పెట్టరా, లేకుంటే ఊళ్లో తలెత్తుకోలేం" అనింది. మరుసటి ఏడు ఉద్యోగం రొట్టె సరిగ్గానే తెచ్చారు, ఆ సంవత్సరంలోనే వాడికి ఉద్యోగం వచ్చింది. రొట్టె వల్లనా, పరీక్ష బాగా రాయడం వల్లనా అని నేను వాదించను. ఆ పై ఏడు మేమే ఇంట్లో రొట్టెలు చేసి పట్టుకెళ్లాం. ఎవరో తెలియని పిల్లకు ఇవ్వడానికి ఆ రొట్టెలు ఒత్తుతుంటే నా మనసు ఎక్కడికీ పోలేదు, పాల మీదకు కూడా. నువ్వు పూజలో లేదన్నది నాకు ఆ రోజు పిండి చేతుల్లో దొరికింది.

అనుకోకుండా దొరికేవి కూడా ఉంటాయి, వాటిని ప్లాన్ చేయలేం. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర పట్టాలు దెబ్బతిని రైళ్లు ఆగిపోయాయి. విజయవాడనుంచి వస్తున్న మా అబ్బాయి దారిలోనే చిక్కుకున్నాడు. మాకు కరెంటు లేదు. వాడు క్షేమమని కబురు తెలిశాక అటకమీది వామనగుంటల పీట దించి, చింతపిక్కలతో దీపం వెలుగులో నేనూ మా ఆయనా అర్ధరాత్రిదాకా ఆడాం. ఆయన దొంగాట ఆడతారని ముప్పైయేళ్ల కాపురంలో నాకు అప్పుడే తెలిసింది. ఇళ్లు మునిగినవాళ్లకు ఆ వరద ఏమిటో నాకు తెలుసు, దాన్ని పండగ అనను. కానీ ఆ ఆట మాత్రం ఇప్పటికీ వదల్లేదు మేము.

చివరగా, "ఇవన్నీ కొన్నాళ్లకు బోరు కొట్టవా?" అని అడిగావు. ముగ్గు కొట్టింది, మానేశాను. కొన్ని కొట్టవు. మా అత్తమ్మకు చివరి రెండేళ్లూ మతిమరుపు. మా పేర్లు తప్పిపోయేవి, అన్నం తిన్నదో లేదో గుర్తుండేది కాదు. అయినా పొద్దున్నే నేను దీపం పెట్టి వస్తుంటే మంచం మీదనుంచి, "లేచినాడా?" అని అడిగేది. "ఇంకా లేదత్తమ్మా" అనేదాన్ని. "అయితే నన్నూ కాసేపు పడుకోనీ" అని అటు తిరిగి పడుకునేది.

ఆమె పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు కాఫీ కలుపుతూ వంటింట్లోంచి మా ఆయన అడుగుతారు, "లేచినాడా?" అని. ఈ రోజూ అడిగారు. ఇంకా లేదన్నాను, ఇంకో పావుగంట పడుకున్నాను.